ఐక్యరాజ్యసమితి మహిళా కమిషన్ సమావేశాలకు స్వచ్ఛంద ప్రతినిధిగా వెళ్ళడం ఎలా

ఏటా మార్చి నెలలో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలో మహిళల స్థితిగతుల కమిషన్ దాదాపు రెండు వారాల పాటు సమావేశమవుతుంది. 1946 జూన్ 21న ఏర్పడిన ఈ కమిషన్‌లో 45 దేశాలకు సభ్యత్వం ఉంటుంది. ఒక్కో దేశం నాలుగేళ్ళ కాలానికి ఎన్నికవుతుంది. నిర్ణయాలు చేసేది ప్రభుత్వాలే అయినా, ప్రపంచం నలుమూలల నుంచి మహిళా సంఘాల ప్రతినిధులు వేల సంఖ్యలో అక్కడికి చేరుకుంటారు. వారిలో చాలామంది జీతం తీసుకోని కార్యకర్తలు. తమ సంఘం నమ్మి పంపితే, సెలవు పెట్టుకుని, ఇంటి పనులు మరొకరికి అప్పగించి వచ్చినవాళ్ళు. మీ సంఘం ఈసారి మిమ్మల్ని పంపాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో, అక్కడ ఏం చేయాలో, తిరిగి వచ్చాక ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

నేను వెళ్ళిన మొదటిసారి మూడు రోజుల పాటు పెద్ద హాలులో కూర్చుని మంత్రుల ప్రసంగాలు శ్రద్ధగా రాసుకున్నాను. సమావేశాల చివర ప్రభుత్వాలు ఆమోదించే అసలు పత్రం మీద బేరసారాలు తలుపులు మూసిన వేరే గదుల్లో జరుగుతున్నాయని నాలుగో రోజున గాని తెలియలేదు. మాకు కావలసిన మాట అప్పటికే ఆ ముసాయిదా నుంచి జారిపోయింది. అందుకే ముందుగానే చెబుతున్నాను: మీరు ఆ సమావేశానికి తీసుకువెళ్ళవలసింది ఒకే ఒక్క కోరిక. అది కాగితం మీద, ఒక వాక్యంగా, మీరు బయలుదేరడానికి వారాల ముందే సిద్ధంగా ఉండాలి.

ఏ దారిన వెళ్ళాలి

ఈ సమావేశాలకు వ్యక్తిగతంగా పేరు నమోదు చేసుకునే వీలు లేదు. ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలి వద్ద సంప్రదింపుల హోదా ఉన్న స్వచ్ఛంద సంస్థ మిమ్మల్ని తన ప్రతినిధిగా ప్రతిపాదించాలి. మీ సంఘానికే ఆ హోదా తెచ్చుకోవాలంటే సంస్థ ఏర్పడి కనీసం రెండేళ్ళు అయి ఉండాలి. జూన్ 1 లోపు దరఖాస్తు పెడితే 19 దేశాల కమిటీ ఆ మరుసటి సంవత్సరం పరిశీలిస్తుంది, ప్రశ్నలు వేస్తే ఇంకా ఆలస్యమవుతుంది. ఈ మార్చికే వెళ్ళాలనుకునే చిన్న సంఘానికి ఆ దారి పనికిరాదు. మీరు ఇప్పటికే కలిసి పనిచేస్తున్న పెద్ద వేదికల్లో హోదా ఉన్నదేదో కనుక్కుని, వారి జాబితాలో మీ పేరు చేర్చమని శరదృతువులోనే, అంటే అక్టోబరు, నవంబరు నెలల్లో అడగండి. ఒక్కో సంస్థ పంపగల వారి సంఖ్యకు పరిమితి పెడుతుంటారు కాబట్టి ఆలస్యంగా అడిగినవారికి చోటు మిగలదు.

నమోదును ఆ సంస్థ తరఫున అధికారం ఉన్న వ్యక్తి ఆన్‌లైన్‌లో పూర్తి చేస్తారు. మీ పాస్‌పోర్టులో పేరు ఏ అక్షరాలతో, ఏ వరుసలో ఉందో అచ్చంగా అలాగే నమోదు చేయించండి. మన ఇంటిపేర్లు ముందు వస్తాయి, కొన్ని పాస్‌పోర్టుల్లో పొడి అక్షరంగానే ఉండిపోతాయి. ఆ తేడా పాస్ తీసుకునే చోట గంటల ఆలస్యానికి దారితీస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఐక్యరాజ్యసమితి ఈ నమోదుకు రుసుము వసూలు చేయదు. ‘మీరు అంతర్జాతీయ మహిళా సదస్సుకు ఎంపికయ్యారు, నమోదుకూ హోటల్‌కూ ఇంత కట్టండి’ అంటూ ఐక్యరాజ్యసమితి ముద్రతో వచ్చే ఉత్తరాలు మోసం. సంఘంలో చదువుకున్న అమ్మాయిలు, కొత్తగా కార్యకర్తలైనవాళ్ళు వీటికి సులువుగా చిక్కుతారు. అలాంటి ఉత్తరం ఎవరికి వచ్చినా డబ్బు కట్టే ముందు ఒక పెద్ద సంస్థలోని వారికి చూపించమని మీ సంఘంలో గట్టిగా చెప్పండి.

ఊరి సమస్యను వాక్యంగా మార్చడం

తయారీలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఈ పనికి ఇవ్వండి. ఏటా కమిషన్‌కు ఒక ప్రధాన అంశం ఉంటుంది. అది చాలా ముందుగానే ప్రకటిస్తారు. మీ సంఘం పనిలో ఆ అంశానికి నేరుగా తగిలే సంగతి ఏదో సభ్యులందరినీ కూర్చోబెట్టి తేల్చండి. పది సమస్యలు వస్తాయి. పదింటినీ మోసుకువెళ్తే ఒక్కటి కూడా ఎవరి చెవినా పడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో కౌలుకు భూమి చేసే స్త్రీ ఉంది. భర్త చనిపోయాక ఆ రెండెకరాలు ఆమే దున్నిస్తోంది, ఆమే నాట్లు వేయిస్తోంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలలకు సాగుదారు కార్డు ఇస్తారు, కానీ దానికి భూమి యజమాని ఒప్పుకుని సంతకం చేయాలి. యజమాని సంతకం పెట్టడు. పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని అతని భయం. సంతకం లేక కార్డు రాదు. కార్డు లేక బ్యాంకులో పంట రుణం పుట్టదు, వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్ళాల్సి వస్తుంది. ఆమెను మీరు ఎరుగుదురు, ఆమె మాట మీకు తెలుసు. కానీ న్యూయార్క్‌లో కూర్చున్న దౌత్యాధికారికి సాగుదారు కార్డంటే ఏమిటో తెలియదు, తెలుసుకునే తీరికా ఉండదు.

కాబట్టి ఆ సంగతిని ప్రభుత్వాలు ఇదివరకే ఒప్పుకున్న మాటకు ముడివేయండి. సీడా అని పిలిచే స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించింది. భారతదేశం 1993లో దాన్ని ధ్రువీకరించింది. అందులో 14వ అధికరణం గ్రామీణ స్త్రీల గురించినది. వ్యవసాయ రుణాలు, మార్కెట్ సౌకర్యాలు అందుకునే హక్కు, భూసంస్కరణల్లో సమాన వ్యవహారం అందులో స్పష్టంగా ఉన్నాయి. 1995లో బీజింగ్‌లో 189 దేశాలు ఆమోదించిన కార్యాచరణ ప్రణాళికలోని 12 కీలక రంగాలనూ ఒకసారి చదవండి. ఇప్పుడు మీ కోరిక ఇలా రూపం కట్టుకుంటుంది: ‘భూమి పత్రం ఎవరి పేరున ఉన్నప్పటికీ, వాస్తవంగా సాగు చేస్తున్న స్త్రీకి పంట రుణం, బీమా, నష్టపరిహారం అందేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలి.’ ఈ వాక్యంలో మీ ఊరి పేరు లేదు, కానీ మీ ఊరి స్త్రీ ఉంది. కెన్యాలోనో పెరూలోనో ఇతరుల భూమి సాగు చేసే స్త్రీ కూడా ఇందులో ఉంది. అక్కడివారు మీతో కలిసి వచ్చేది అందుకే.

ఈ వాక్యాన్ని ఆంగ్లంలో ఒక పుట మించని కాగితంగా తయారు చేయించండి. పైన మీ వాక్యం, కింద అది ఏ అధికరణం నుంచి వచ్చింది, ఆ కింద మీ అనుభవం అయిదారు పంక్తులు. మన వైపు నుంచి చెప్పుకోదగిన మంచి కూడా ఒకటి చేర్చండి. హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కును ఆంధ్రప్రదేశ్ 1985లోనే ఇచ్చింది. దేశమంతటికీ ఆ సవరణ రావడానికి 2005 దాకా పట్టింది. ఒక రాష్ట్రం ముందుగా చేసిన పని తర్వాత దేశం చేస్తుందన్నదానికి ఇది గట్టి రుజువు. ఫిర్యాదు మాత్రమే మోసుకొచ్చిన ప్రతినిధి కంటే రుజువు కూడా చేతిలో ఉన్న ప్రతినిధిని అధికారులు ఎక్కువసేపు వింటారు.

ముసాయిదా మొదటి రూపం, జీరో డ్రాఫ్ట్ అంటారు, సమావేశాలకు ముందే విడుదలవుతుంది. రాగానే మీ అంశం ఏ పేరాలో ఉందో వెతికి, ఆ పేరా సంఖ్యను మీ కాగితం పైన రాయండి. ఆ కాగితాన్ని ఢిల్లీలోని మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖకు బయలుదేరే ముందే పంపండి. అక్కడ చర్చల్లో కూర్చునే మన దేశ బృందానికి న్యూయార్క్‌లో చివరి నిమిషంలో ఇచ్చిన కాగితం కంటే ఇంటి దగ్గర ఇచ్చిన కాగితం ఎక్కువ ఉపయోగపడుతుంది.

వీసా, అనుమతులు, ఖర్చు

అమెరికా వీసా మన చేతిలో లేని విషయం కనుక, నమోదు ఖాయం కాకముందే ఆ పని మొదలుపెట్టండి. సదస్సుకు వెళ్ళేవారికి బి1/బి2 వీసా సరిపోతుంది. దరఖాస్తు రుసుము 185 డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. డీఎస్-160 ఫారం ఆన్‌లైన్‌లో నింపి, వేలిముద్రలకూ ఇంటర్వ్యూకూ సమయాలు తీసుకోవాలి. మన రాష్ట్రాల వారికి ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో జరుగుతుంది. తేదీ దొరకడానికి నెలలు పట్టవచ్చు. ఇంటర్వ్యూలో సూటిగా మాట్లాడండి: ఎవరు పంపుతున్నారు, ఖర్చు ఎవరిది, ఎన్ని రోజులు, తిరిగి వచ్చి ఏం చేస్తారు. సంఘం ఉత్తరం, నమోదు ధ్రువపత్రం చేతిలో ఉంచుకోండి. లేని ఉద్యోగాన్ని, లేని ఆస్తిని చూపించే సలహాలు ఎవరిచ్చినా వినకండి.

మీరు ప్రభుత్వ ఉపాధ్యాయురాలో, ఇతర ప్రభుత్వ ఉద్యోగో అయితే రెండు విషయాలు గమనించండి. విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి కావాలి. దానితోపాటు, మీ టికెట్టు గాని బస గాని విదేశీ సంస్థ భరిస్తుంటే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి తీసుకోవాలి. చట్టసభల సభ్యులకూ, రాజకీయ పార్టీల పదాధికారులకూ ఇదే నియమం వర్తిస్తుంది. సంఘం ఖాతాలోకి విదేశీ డబ్బు రావాలంటే సంఘానికి ఆ చట్టం కింద నమోదు ఉండాలి. ఇది తెలియక ప్రయాణ ఖర్చును నేరుగా ఖాతాలో వేయించుకున్న చిన్న సంఘాలు తర్వాత ఇబ్బంది పడతాయి.

ఖర్చులో పెద్ద భాగం బసకే పోతుంది. ఐక్యరాజ్యసమితి ఉన్న మన్‌హట్టన్‌లో గది దొరకడం కష్టం. నదికి అవతల క్వీన్స్‌లో ఉంటే 7వ నంబరు రైలు నేరుగా గ్రాండ్ సెంట్రల్‌కు తెస్తుంది, అక్కడి నుంచి పావుగంట నడక. అదే రైలు మార్గం చివర ఫ్లషింగ్‌లో గణపతి గుడి ఉంది. దాని క్యాంటీన్‌లో దోసె, పులిహోర దొరుకుతాయి. రెండు వారాలు చల్లని రొట్టె ముక్కలు తిన్నవారికి అదెంత బలమో వెళ్ళినవారికే తెలుస్తుంది. న్యూజెర్సీలో మన తెలుగు కుటుంబాలు ఆప్యాయంగా పిలుస్తాయి. వెళ్ళండి, కానీ రోజూ అంత దూరం నుంచి రావలసి వస్తే ఉదయపు సమావేశాలు పోతాయి. ప్రయాణ ఆరోగ్య బీమా లేకుండా మాత్రం విమానం ఎక్కకండి.

ఒక్క వారమే ఉండగలిగితే మొదటి వారం ఎంచుకోండి. వీసా రాకపోతే పని ఆగిపోయిందనుకోకండి. ప్రధాన సభలన్నీ యు.ఎన్. వెబ్ టీవీలో ప్రత్యక్షంగా వస్తాయి, స్వచ్ఛంద సంస్థలు బయట జరిపే ప్యారలల్ ఈవెంట్లు చాలా వరకు ఆన్‌లైన్‌లో ఉంటాయి. మీ వాక్యాన్ని అక్కడికి వెళ్ళిన మరొక ప్రతినిధి చేతికి ఇవ్వవచ్చు.

న్యూయార్క్ చేరాక

సమావేశాలు సాధారణంగా సోమవారం మొదలవుతాయి. దాని ముందటి ఆదివారం స్వచ్ఛంద సంస్థల సంప్రదింపుల దినం జరుగుతుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. ఇటీవలి సంవత్సరాల్లో ఈ రెండూ ఒకే రోజున వచ్చాయి. చేతి గడియారాన్ని నమ్ముకుని వెళ్ళి, సగం సభ అయిపోయాక తలుపు తీసినవారిని చూశాను. ఆ రాత్రి నుంచి మన ఇంటికీ అక్కడికీ తేడా తొమ్మిదిన్నర గంటలు.

ఐక్యరాజ్యసమితి ఆవరణలోకి వెళ్ళనిచ్చే గ్రౌండ్స్ పాస్ తీసుకోవడం మొదటి పని. పాస్‌పోర్టు, నమోదు ధ్రువపత్రం పట్టుకుని వీలైనంత ముందు రోజే వెళ్ళండి, సోమవారం ఉదయం వెళ్తే ఈస్ట్ నది మీద నుంచి వీచే గాలిలో గంటల తరబడి వరుసలో నిలబడాలి. చీర మీద పలుచని శాలువా ఆ చలికి ఆగదు. లోపల ఉన్ని దుస్తులు, కాళ్ళకు మేజోళ్ళు, మూసి ఉండే బూట్లు కావాలి. పాస్ మెడలో కనబడేలా వేసుకోవాలి, మరొకరికి ఇవ్వకూడదు. ప్రారంభ సభ వంటి కొన్నింటికి ఆ పాస్ చాలదు, అదనపు పాస్ కావాలి. అవి ఒక్కో సంస్థకు కొన్నే ఇస్తారు కాబట్టి మీ బృందంలో వంతులు వేసుకోండి. లోపల కరపత్రాలు పంచడం, బ్యానర్లు పట్టుకోవడం నిషేధం.

అక్కడ రెండు రకాల కార్యక్రమాలు ఉంటాయి. ఐక్యరాజ్యసమితి భవనాల లోపల ప్రభుత్వాలు, ఐక్యరాజ్యసమితి సంస్థలు జరిపేవి సైడ్ ఈవెంట్లు. బయట స్వచ్ఛంద సంస్థలు జరిపేవి ప్యారలల్ ఈవెంట్లు; వీటిలో చాలా వరకు ఫస్ట్ అవెన్యూ, 44వ వీధి మూలన ఉన్న చర్చ్ సెంటర్‌లో జరుగుతాయి, వీటికి గ్రౌండ్స్ పాస్ అక్కర్లేదు. రోజుకు వందకు పైగా కార్యక్రమాల పట్టిక చూస్తే కళ్ళు తిరుగుతాయి. రోజుకు మూడింటికి మించి పెట్టుకోకండి. మధ్యలో ఖాళీ వదలండి, ఎందుకంటే పని జరిగేది తరచుగా నడవాల్లో, భవనం కింది అంతస్తులోని వియన్నా కాఫీ దుకాణం బల్లల దగ్గర.

రోజూ ఉదయం స్వచ్ఛంద సంస్థలకు జరిగే బ్రీఫింగ్‌ను మానకండి. ముందు రోజు ఏ పేరా మీద పేచీ వచ్చిందో అక్కడే తెలుస్తుంది. మన ప్రాంతపు సంఘాల ప్రతినిధులు కలిసి కూర్చునే ఆసియా పసిఫిక్ కాకస్‌లో తప్పనిసరిగా చేరండి. నేపాల్, ఫిలిప్పీన్స్, ఫిజీ ప్రతినిధులతో కలిసి మీ వాక్యాన్ని ప్రతిపాదిస్తే, అది ఒక సంఘం కోరికగా కాక ఒక ప్రాంతం కోరికగా ముందుకు వెళుతుంది.

భాష గురించి దిగులు పడకండి. ఐక్యరాజ్యసమితికి ఆరు అధికార భాషలు ఉన్నాయి: అరబిక్, చైనీస్, ఆంగ్లం, ఫ్రెంచ్, రష్యన్, స్పానిష్. హిందీ లేదు, తెలుగు లేదు. ప్రతి కుర్చీ దగ్గర చెవికి తగిలించుకునే పరికరం, దాని పక్కన ఒక మీట ఉంటాయి; మీట తిప్పితే మాట్లాడుతున్నవారి మాటకు అనువాదం వినిపిస్తుంది. ఆంగ్లం అంతంతమాత్రంగా వచ్చే ప్రతినిధులు అక్కడ చాలామంది ఉంటారు. మీ సంఘం నుంచి ఇద్దరు వెళ్ళగలిగితే, ఊళ్ళో పనిచేసే ఆమెతో పాటు ఆంగ్లం బాగా వచ్చిన ఆమెను పంపండి. అలాగని ఆంగ్లం వచ్చిన ఆమెను ఒక్కదాన్నే పంపకండి.

వాక్యం మీద బేరం

సమావేశాల ఫలితంగా వచ్చే పత్రాన్ని అంగీకృత నిర్ణయాలు అంటారు. సంప్రదాయంగా దీన్ని ఏకాభిప్రాయంతో ఆమోదిస్తూ వచ్చారు. ఆ ఏకాభిప్రాయం కుదరకపోతే పత్రమే లేకుండా పోవచ్చు. 2003లో స్త్రీలపై హింస అంశం మీద అలా జరిగింది. 2012లో గ్రామీణ స్త్రీల సాధికారత అంశం మీద కూడా ఒప్పందం కుదరక పత్రం లేకుండానే సమావేశం ముగిసింది. పల్లె స్త్రీల కోసం పనిచేసే మనం ఈ సంగతి మరిచిపోకూడదు: పత్రం ఉండటమే ఒక్కోసారి గెలుపు.

ప్రభుత్వాల చర్చల గదిలోకి మనల్ని రానివ్వరు. అయినా పేచీ పడిన మాటలు ముసాయిదాలో చతురస్రపు బ్రాకెట్లలో ఉంటాయి, వాటిని చదవడం నేర్చుకోండి. క్రియాపదాన్ని ముందుగా చూడండి. ప్రభుత్వాలను ‘కోరుతున్నది’ అన్నదానికీ ‘ప్రోత్సహిస్తున్నది’ అన్నదానికీ మధ్య ఎంతో దూరం ఉంది. ‘గమనించింది’ అంటే దాదాపు ఏమీ చేయక్కర్లేదు. తర్వాత వాక్యం చివర ఏం తగిలించారో చూడండి. ‘సముచితమైన చోట’, ‘దేశీయ చట్టాలకు లోబడి’ అన్న మాటలు చేరితే, మన కౌలు స్త్రీ విషయంలో యజమాని సంతకం అడిగే చట్టం అలాగే ఉండిపోవచ్చు. చిన్న మాటలే, కానీ ఆమెకు రుణం రావడమూ రాకపోవడమూ వాటి మీదే ఆధారపడుతుంది. మీ వాక్యం మొత్తం పోయేలా ఉంటే, కనీసం ‘వాస్తవంగా సాగు చేస్తున్న’ అన్న రెండు మూడు మాటలను నిలబెట్టమని అడగండి. ఏ మాటను వదులుకోవచ్చో, ఏ మాటను వదులుకోకూడదో ఊరి నుంచి బయలుదేరే ముందే సంఘంతో తేల్చుకుని ఉండాలి. అక్కడ ఫోన్ చేసి అడిగే సమయం దొరకదు.

దౌత్యాధికారిని కలిసినప్పుడు మీకు దక్కేది రెండు నిమిషాలు. పేరు, సంఘం, పేరా సంఖ్య, కావలసిన మాట, ఎందుకు కావాలో ఒక్క వాక్యం, చేతికి కాగితం. ఇంట్లో అద్దం ముందు కాక, సంఘం సభ్యుల ముందు ఇది సాధన చేయండి, వాళ్ళు సరిదిద్దుతారు. భారత శాశ్వత ప్రతినిధి కార్యాలయం 43వ వీధిలో, నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. ముందుగా మెయిల్ రాసి సమయం అడగండి. మన ప్రభుత్వాన్ని అక్కడ తిట్టడానికి కాక, మన ప్రభుత్వం ఇదివరకే ఒప్పుకున్నదాన్ని గుర్తుచేయడానికి వెళ్ళండి. మానవ హక్కుల విశ్వజనీన ప్రకటన ముసాయిదాలో ‘పురుషులందరూ’ అన్న చోట ‘మనుషులందరూ’ అని మార్పించడానికి పోరాడిన హంసా మెహతా భారత ప్రతినిధే. ఒక్క మాట కోసం పట్టుబట్టే సంప్రదాయం మనకు ఉంది.

ప్యారలల్ ఈవెంట్‌లో మాట్లాడే అవకాశం వస్తే, మీకు తెలిసిన స్త్రీ కథ చెప్పాలనిపిస్తుంది. చెప్పే ముందు ఆమెను అడగండి. ‘నీ పేరు చెప్పను, ఈ మాట చెప్పనా’ అని తెలుగులో అడిగి, ఆమె సరేనన్నంతవరకే చెప్పండి. అత్యాచార బాధితుల పేరు గాని, వారిని గుర్తుపట్టే వివరాలు గాని బయటపెట్టడం మన దేశంలో నేరం. భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ అదే చెబుతుంది. మీ ప్రసంగం వీడియోగా ప్రపంచమంతా తిరుగుతుంది, ఊరికీ చేరుతుంది. ఆమె గ్రామంలోనే ఉంటుంది, మీరు వెనక్కి వచ్చి ఆమె ముఖం చూడాలి.

తిరిగి వచ్చాక

మొదటి వారంలోనే, జ్ఞాపకం చెదిరిపోకముందే, ఎవరిని కలిశారో, ఏమన్నారో, ఏ కాగితం ఎవరి చేతికి ఇచ్చారో రాసి పెట్టండి. అంగీకృత నిర్ణయాల తుది పత్రం వచ్చాక అందులో మీ అంశానికి సంబంధించిన రెండు మూడు పేరాలను మాత్రమే తెలుగులోకి తేండి. పత్రం మొత్తం ఎవరూ చదవరు. అనువాదాన్ని గ్రామైక్య సంఘం నెలవారీ సమావేశంలో గట్టిగా చదివి వినిపించండి. మీరు అడిగిన మాట అందులో ఉంటే ఉందని, లేకపోతే లేదని, ఏ మాట చేర్చి బలహీనం చేశారో అదీ చెప్పండి. న్యూయార్క్ ఫొటోలు ఆ తర్వాత చూపించవచ్చు. ఖర్చు లెక్క పైసలతో సహా సంఘం ముందు పెట్టండి. సంఘం చందాలతో వెళ్ళినవారికి అది మొదటి బాధ్యత.

తర్వాత ఆ పేరాను జత చేసి సోమవారం నాడు కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో అర్జీ పెట్టండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటారు. ‘ఐక్యరాజ్యసమితి చెప్పింది’ అని కాక, ‘మన దేశం ఒప్పుకున్న మాట ఇది, మా మండలంలో ఇంతమంది కౌలు స్త్రీలకు కార్డు రాలేదు’ అని పేర్ల జాబితాతో రాయండి. రసీదు తీసుకుని సంఘం దస్త్రంలో ఉంచండి. ఆ దస్త్రంలోనే మీ ఒక పుట కాగితం, జీరో డ్రాఫ్ట్, తుది పత్రం, మీరు కలిసినవారి జాబితా కూడా కలిపి కుట్టి, వచ్చే ఏడాది వెళ్ళబోయే ఆమె చేతికి జూన్ లోపు అందించండి. మరుసటి మార్చి సమావేశాలకు సంస్థలు పంపవలసిన రాతపూర్వక ప్రకటనల గడువు అక్టోబరు ప్రాంతంలోనే వస్తుంది, ఆమెకు చదువుకోవడానికి ఉన్నది ఆ నాలుగు నెలలే.